కొత్త ప్రాసెసర్ వచ్చేదాకా ఆగాలా, ల్యాప్‌టాప్ ఇప్పుడే కొనేయాలా? తేల్చుకునే పద్ధతి

"ఇప్పుడు కొనెయ్యమంటారా, కొత్త ప్రాసెసర్లు వస్తున్నాయంట, అవి వచ్చేదాకా ఆగమంటారా?" ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సీట్లు వచ్చిన రోజు నుంచి దసరా సేల్ అయ్యేదాకా నాకు వచ్చే ఫోన్లలో సగం ఇవే. పాలకొల్లులో మా వీధి పిల్లలు, అమలాపురం నుంచి మా తోడల్లుడు, భీమవరం దగ్గర రొయ్యల చెరువుల లెక్కలు చూసుకునే మా బాబాయ్, అందరిదీ ఒకటే ప్రశ్న. మా ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునేది నేనే కాబట్టి నన్ను అడుగుతారు. ఒక్కొక్కరికీ విడిగా చెబుతుంటే ప్రతిసారీ ఏదో ఒకటి మర్చిపోతున్నాను, అందుకని అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ పద్ధతంతా దాన్లోంచే పుట్టింది. 2023 ఆగస్టులో మా మేనకోడలికి ఇంజనీరింగ్‌లో సీటు వచ్చింది. బడ్జెట్ 60 వేలు. షాపులో ఇంటెల్ కంపెనీ 13వ తరం ఐ5 ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్ ఒకటి చూసి నాకు ఫోటో పంపింది. "ఈ ఏడాది ఆఖరుకి ఇంటెల్ వాళ్లవి కోర్ అల్ట్రా అని పూర్తిగా కొత్తవి వస్తున్నాయమ్మా, నాలుగు నెలలేగా, ఆగు" అన్నది నేనే. ఇంటెల్ మాట తప్పలేదు, డిసెంబరు 14న విడుదల చేసింది. కానీ సంక్రాంతికి చూస్తే అవి ఉన్న ల్యాప్‌టాప్‌లన్నీ మా బడ్జెట్‌కి బాగా పైన ఉన్నాయి. శివరాత్రికీ అంతే. ఈలోగా ఆ పిల్ల మొదటి సెమిస్టర్ సి ల్యాబ్ ప్రోగ్రాములన్నీ ఫోన్‌లో కంపైలర్ పెట్టుకుని, లేదంటే రాత్రి పదకొండు దాటాక రూమ్మేట్ ల్యాప్‌టాప్ ఖాళీ అయితే దానిమీద చేసుకుంది. చివరికి ఏప్రిల్‌లో కొన్నాం. ఏది కొన్నామంటే, ఆగస్టులో ఫోటో పంపిందే, అదే మోడల్, అదే బూడిద రంగు. ధర పదిహేను వందలు తగ్గింది. ఎనిమిది నెలలు ఆగినందుకు పదిహేను వందలు. ఆ అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు గానీ నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అలాగని అసలు ఆగొద్దని కాదు. ఆగితే లాభం వచ్చే సందర్భాలు ఉన్నాయి, వాటినీ చెబుతాను. తారీకు లేకుండా, ఏ మోడల్ కోసమో తెలియకుండా ఆగడం మాత్రం వద్దు.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

ఒక కాగితం, పెన్ను. ఫోన్‌లో నోట్స్ అయినా పర్వాలేదు గానీ కాగితం మీద అయితే ఇంట్లో అందరూ చూస్తారు, డబ్బు ఇచ్చేవాళ్లతో సహా.

మీ బడ్జెట్, ఒకే అంకెగా. "50 నుంచి 80 మధ్య" అన్నది బడ్జెట్ కాదు. బ్యాగు, మౌసు, వారంటీ పొడిగింపు కావాలనుకుంటే వాటి ఖర్చు తీసేశాక మిగిలింది రాయండి. షాపు ధరలో 18 శాతం జీఎస్టీ కలిసి ఉందో లేదో కూడా అడిగి పెట్టుకోండి.

మీరు వాడే సాఫ్ట్‌వేర్ల జాబితా. ట్యాలీ, ఎక్సెల్, ఆటోక్యాడ్, ప్రీమియర్, ఏవైతే అవి. కాలేజీ పిల్లలైతే సీనియర్లని అడిగి రెండో సంవత్సరం, మూడో సంవత్సరంలో ఏం వాడతారో కూడా రాసుకోండి.

మీకు నచ్చిన రెండు మూడు మోడళ్ల ప్రాసెసర్ పూర్తి పేరు. "ఐ5" అంటే చాలదు, వెనకాల ఉన్న అంకెలు, చివరి అక్షరంతో సహా కావాలి. ఎందుకో ఐదో మెట్టులో తెలుస్తుంది.

ఇప్పుడు వాడుతున్న ల్యాప్‌టాప్ ఉంటే అదీ, ఒక గంటన్నర టైమూ.

1. ల్యాప్‌టాప్ ఏ తారీకుకి చేతిలో ఉండాలో రాయండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే, అందరూ దాటేసేదీ ఇదే. ప్రాసెసర్ ఎప్పుడొస్తుందో వెతుకుతారు గానీ తమకి ఎప్పుడు కావాలో రాసుకోరు. కాలేజీలో ల్యాబ్ మొదలయ్యే రోజు, ఉద్యోగంలో చేరే రోజు, ఆడిట్ పని మొదలయ్యే నెల, ఏదైనా సరే, ఒక తారీకు రాయండి. "వీలైనంత త్వరగా" అని రాయొద్దు.

పెళ్లిళ్ల వీడియోలు తీసేవాళ్లయితే ఈ లెక్క బాగా తెలిసే ఉంటుంది. ఆషాఢంలోనూ మూఢంలోనూ ముహూర్తాలు ఉండవు, అప్పుడు ఆగినా నష్టం లేదు. మాఘం వచ్చాక ల్యాప్‌టాప్ చేతిలో లేకపోతే వచ్చిన పని వేరేవాళ్లకి పోతుంది. రావులపాలెంలో ఎడిటింగ్ చేసే నా స్నేహితుడు ఒకడు 2024 జూన్‌లో అడిగితే, నేనే ఆగమన్నాను. వాడి పాత మిషను నడుస్తోంది, పెళ్లిళ్ల హడావుడి కార్తీకంలో గానీ మళ్లీ లేదు, బడ్జెట్ లక్ష దాటి ఉంది, ఇంటెల్‌కి పోటీ కంపెనీ ఏఎండీ వాళ్లు రైజెన్ ఏఐ 300 ప్రాసెసర్లని ఆ జూన్‌లోనే అధికారికంగా ప్రకటించారు. సెప్టెంబరులో కొన్నాడు, హాయిగా ఉన్నాడు. మా మేనకోడలికి చెప్పిన మాటే వీడికీ చెప్పాను, కానీ ఒకచోట తప్పయింది, ఇంకోచోట సరిపోయింది. తేడా ఏమిటంటే తారీకూ, బడ్జెట్టూ.

2. ఇప్పుడున్న దాన్ని పరీక్ష చేయండి

ల్యాప్‌టాప్ లేనివాళ్లు నేరుగా మూడో మెట్టుకి వెళ్లండి.

పాతది నెమ్మదించిందంటే ప్రాసెసరే ముసలిదైపోయిందని అనుకుంటాం. చాలాసార్లు అది కాదు. మీరు రోజూ చేసే పని చేస్తూ, మామూలుగా తెరిచే ట్యాబ్‌లన్నీ తెరిచి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అనే చోట మూడు గీతలు చూడాలి: సీపీయూ (అంటే ప్రాసెసరే), మెమరీ (అంటే ర్యామ్), డిస్క్. ఒక పది నిమిషాలు పని చేస్తూ చూడండి, ఆగిపోయినట్టు అనిపించిన క్షణంలో ఏది నూటికి దగ్గరగా ఉందో రాసుకోండి.

డిస్క్ నూరు కొడుతూ సీపీయూ ముప్పై దగ్గర ఉంటే, లోపల పాతకాలం హార్డ్ డిస్క్ ఉండి ఉంటుంది. దాని బదులు ఎస్ఎస్‌డీ అనే వేగమైన కొత్తరకం డిస్క్ వేయిస్తే మీకే కొత్త మిషనులా అనిపిస్తుంది. మెమరీ 90 దాటుతుంటే ర్యామ్ చాలట్లేదు. ఈ రెండిట్లో దేనికీ కొత్త తరం ప్రాసెసర్‌తో సంబంధం లేదు. సీపీయూనే గంటల తరబడి నూరు కొడుతుంటే అప్పుడు ప్రాసెసర్ మార్చాల్సిన అవసరం నిజంగానే ఉన్నట్టు.

అదీ అనుకునే ముందు ఫ్యాన్ చూడండి. మా ఆఫీసులో ఒక ల్యాప్‌టాప్ మధ్యాహ్నం అయ్యేసరికి మొరాయించేది, పారేద్దామనే అనుకున్నారు. వెనక మూత విప్పి చూస్తే ఫ్యాన్‌కీ హీట్‌సింక్ రేకులకీ మధ్య దుమ్ము పేరుకుని బూడిద రంగు గుడ్డపేలికలా తయారైంది. ట్వీజర్‌తో అంచు పట్టుకుని లాగితే ఒకే ముక్కగా ఊడొచ్చింది, అరచేతిలో సగం ఉంది. గాలి బయటికి పోయే దారి మూసుకుపోతే ప్రాసెసర్ వేడెక్కి, కాలిపోకుండా తన వేగం తనే తగ్గించుకుంటుంది. శుభ్రం చేసి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తీసేసి కొత్తది పూస్తే ఆ ల్యాప్‌టాప్ ఇంకో రెండేళ్లు పనిచేసింది. మీరే విప్పుతానంటే ముందు చార్జర్ తీసేసి, మూత తీయగానే బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. చేయి తిరగకపోతే రిపేరు షాపుకి ఇవ్వండి, తప్పేం లేదు.

జాగ్రత్త: టచ్‌ప్యాడ్ పైకి ఉబికినా, వెనక మూత బొజ్జలా వచ్చినా లోపల బ్యాటరీ ఉబ్బినట్టే. ఇక దాన్ని చార్జింగ్ పెట్టొద్దు, ముందు బ్యాటరీ తీయించండి.

ఇంకొకటి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది. ఇంటెల్ 8వ తరం కంటే పాతది మీ దగ్గర ఉంటే, దాదాపు వాటన్నిటికీ విండోస్ 11 అధికారికంగా రాదు. ఇంట్లో వాడేవాళ్లకి అదనపు సెక్యూరిటీ అప్‌డేట్‌లు 2026 అక్టోబరు దాకా తీసుకునే వీలుంది. బ్యాంకు పని, జీఎస్టీ పని ఆ మిషను మీదే చేస్తుంటే మీరు రాసుకున్న తారీకుని దీన్నిబట్టి ఇంకా త్వరగా ఉండేలా మార్చుకోవాల్సి రావొచ్చు.

3. మీ పనికి ప్రాసెసర్ ఎంత ముఖ్యమో చూసుకోండి

ట్యాలీ, ఎక్సెల్, జీఎస్టీ పోర్టల్, ఆన్‌లైన్ క్లాసులు, వర్డ్: గత మూడు నాలుగేళ్లలో వచ్చిన మధ్యస్థం ప్రాసెసర్ ఏదైనా సరిపోతుంది. మా బాబాయ్ మేత లెక్కలు, కౌంట్ల లెక్కలు, కూలీల లెక్కలు కలిపి ఎక్సెల్‌లో ఎన్ని షీట్లు పెట్టినా అది ప్రాసెసర్‌కి పెద్ద బరువేం కాదు. ఈ పనుల కోసం కొత్త తరం వచ్చేదాకా ఆగడం దండగ. 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ, కళ్లు లాగని స్క్రీన్, వీటి మీద పెట్టండి డబ్బు.

ప్రోగ్రామింగ్ నేర్చుకునే పిల్లలకి మొదటి రెండేళ్లూ ఇదే మాట. ఆండ్రాయిడ్ స్టూడియో, వర్చువల్ మిషన్లు (ఒక కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ని నడిపించడం) మొదలయ్యాక ర్యామ్ కావాలి, ప్రాసెసర్ ఆ తర్వాత.

వీడియో ఎడిటింగ్, త్రీడీ, పెద్ద పెద్ద స్ట్రక్చరల్ డిజైన్లు: ఇక్కడ తరం మారితే తేడా నిజంగా కనిపిస్తుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డ్ ఉన్నది కొంటుంటే ప్రాసెసర్ తరం కంటే ఆ కార్డు ఏది, దానికి మెమరీ ఎంత అన్నదే ముందు చూడాలి.

బ్యాటరీ కోసమైతే అది వేరే లెక్క. కరెంటు పోయే ఊళ్లో ఉండేవాళ్లు, చెరువు గట్టు మీద షెడ్డులో కూర్చుని పని చేసుకునేవాళ్లు, రాజమండ్రి నుంచి హైదరాబాదు రైల్లో పని చేసుకుంటూ వెళ్లేవాళ్లు కొత్త తరం కోసం ఆగడంలో అర్థం ఉంది, ఎందుకంటే ఈ మధ్య తరాల్లో బాగా మెరుగైంది వేగం కంటే కూడా బ్యాటరీయే. ఇంటెల్ 2024 సెప్టెంబరులో తెచ్చిన కోర్ అల్ట్రా 200వీ వరస దీనికి మంచి ఉదాహరణ. కానీ అందులో ర్యామ్ ప్రాసెసర్ ప్యాకేజీలోనే కలిసి వస్తుంది, 32 జీబీకి మించి ఉండదు, తర్వాత పెంచుకోవడం కుదరదు. కొనేటప్పుడే ఎంత కావాలో అంత తీసుకోవాలి.

4. వచ్చేది ఎంతదాకా వచ్చిందో కనుక్కోండి

ఏ ప్రాసెసర్ అయినా మన చేతికి రావడానికి నాలుగు దశలు దాటాలి. మొదటిది పుకారు: లీకులు, యూట్యూబ్ థంబ్‌నెయిళ్లు. రెండోది కంపెనీ అధికారిక ప్రకటన. మూడోది ఆ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్ మన దేశంలో రూపాయల ధరతో అమ్మకానికి రావడం. నాలుగోది మీ బడ్జెట్‌లోకి రావడం. చాలామంది రెండో దశ చూసి నాలుగో దశ అనుకుంటారు. నేనూ మేనకోడలి విషయంలో చేసిన పొరపాటు అదే.

ప్రకటనలకి ఒక కాలం ఉంటుంది. ఏటా సంక్రాంతికి ముందు లాస్ వేగాస్‌లో సీఈఎస్ అనే ప్రదర్శన, రోహిణి కార్తెకి కొంచెం అటూ ఇటూగా తైపేలో కంప్యూటెక్స్. ఇంటెల్, ఏఎండీ పెద్ద ప్రకటనలు ఎక్కువగా ఈ రెండు చోట్లే చేస్తాయి. 2026 జనవరి సీఈఎస్‌లో ఇంటెల్ కోర్ అల్ట్రా సిరీస్ 3, ఏఎండీ రైజెన్ ఏఐ 400 ఇలాగే బయటికి వచ్చాయి. ప్రకటించాక ముందు వచ్చేవి ఖరీదైన మోడళ్లే. 50, 60 వేల మోడళ్లలోకి దిగడానికి ఇంకా చాలా నెలలు పడుతుంది, ఒక్కోసారి అది దిగేలోపు దాని తర్వాతది ప్రకటిస్తారు.

కాబట్టి కాగితం మీద మీరు ఎదురుచూస్తున్న ప్రాసెసర్ పేరు, దాని పక్కన అది ఇప్పుడు ఏ దశలో ఉందో రాయండి. ఒకటో దశలో ఉంటే కొట్టేయండి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పేరు కూడా ఖాయం కానిదాని కోసం పిల్లల చదువు ఆపొద్దు. రెండో దశలో ఉంటే, బడ్జెట్ లక్షకి దగ్గరగానో పైనో ఉండి, మీ తారీకు మూడు నెలల పైన ఉంటేనే ఆగండి. మూడో దశలో ఉండి ధర కొద్దిలో అందట్లేదంటే, దగ్గర్లో పండగ సేల్ ఉంటే అప్పటిదాకా ఆగడం మంచిది.

ఆపిల్ మ్యాక్‌బుక్‌ల సంగతి కాస్త వేరు. అక్కడ ప్రకటించిన కొద్ది రోజులకే వస్తువు దొరుకుతుంది. 2025 మార్చిలో ఎం4 మ్యాక్‌బుక్ ఎయిర్ 99,900 రూపాయలకి వచ్చింది, అంతకు ముందు ఎం3ది మొదలైన ధర 1,14,900. అప్పుడు రెండు నెలలు ఆగినవాళ్లకి కొత్త చిప్పూ వచ్చింది, పదిహేను వేలూ మిగిలాయి. ఇలాంటిది జరిగే అవకాశం ఉన్నప్పుడు, అంటే పాత మోడల్ వచ్చి ఏడాది కావస్తున్నప్పుడు, ఆగొచ్చు.

5. పేరు కొత్తదా, లోపలి సరుకు కొత్తదా

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. కొత్త పేరు పెట్టారంటే లోపల కొత్త డిజైన్ ఉందని కాదు. చెట్టు పేరు చెప్పి కాయలు అమ్ముకోవడం ఈ వ్యాపారంలో బాగా ఉంది.

ఏఎండీ 7000, 8000 వరసల్లో నాలుగు అంకెలుంటాయి. అందులో మొదటి అంకె ఏ సంవత్సరం వరసో చెబుతుంది, అందరూ దాన్నే చూస్తారు. మీరు మూడో అంకె చూడండి, డిజైన్ ఏదో చెప్పేది అదే. ఏఎండీ తన డిజైన్లని జెన్ అనే పేరుతో పిలుస్తుంది. రైజెన్ 5 7520యూలో మూడో అంకె 2, అంటే జెన్ 2, అది 2019లో మొదలైన డిజైన్. 7530యూలో 3, జెన్ 3. 7540యూలో 4, జెన్ 4. మూడూ రైజెన్ 5, మూడూ 7 తోనే మొదలు, పక్కపక్కనే పెట్టి అమ్ముతారు, అయినా లోపల మూడు వేర్వేరు తరాలు. మా తోడల్లుడు 7520యూ కొన్నాక నాకు చూపించాడు. "7 సిరీస్ అండి, లేటెస్ట్" అని షాపులో చెప్పారట. ఉత్తరాలు రాసుకోవడానికి, పిల్ల ఆన్‌లైన్ క్లాసులకి అది చాలు, కానీ అతను ఇచ్చిన ధరకి అంతకంటే మంచిది వచ్చేది.

2025లో వచ్చిన రైజెన్ 200 వరస, ఉదాహరణకి రైజెన్ 7 250, పేరుకి కొత్తది గానీ లోపల 2023 నాటి జెన్ 4 కుటుంబమే. రైజెన్ ఏఐ 7 350 అయితే జెన్ 5. పేరులో "ఏఐ" అన్న మాట ఉందా లేదా అని చూస్తే ఈ రెండిటికీ తేడా తెలిసిపోతుంది.

ఇంటెల్‌లో కూడా ఇంతే. "కోర్ అల్ట్రా" వేరు, ఉత్త "కోర్" వేరు. 2024లో వచ్చిన కోర్ 5 120యూ, 2025లో వచ్చిన కోర్ 7 240హెచ్, ఇవి 13వ తరం కుటుంబంలోవే.

పాత డిజైన్ అంటే చెడ్డదని కాదండి, ఈ మాట గట్టిగా చెబుతున్నాను. జెన్ 4 ఈరోజుకీ మంచి ప్రాసెసర్, తక్కువలో వస్తే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. పాతదానికి కొత్తదాని ధర ఇవ్వడం, పాతదే కొత్త పేరుతో వస్తుంటే దాని కోసం నెలలు ఆగడం, ఈ రెండే తప్పులు.

చివరి అక్షరం కూడా చూడాలి. యూ అంటే తక్కువ కరెంటుతో నడిచేది, హెచ్ అంటే ఎక్కువ శక్తి. ఐ7 అనగానే ఐ5 కంటే గొప్పదని అనుకోవద్దు. ప్రాసెసర్ లోపల పని పంచుకుని చేసే భాగాలని కోర్‌లు అంటారు. ఐ7-1355యూలో పెద్ద కోర్‌లు 2, చిన్నవి 8. ఐ5-13500హెచ్‌లో పెద్దవి 4, చిన్నవి 8. బరువైన పనిలో ఆ ఐ5 ముందుంటుంది, బ్యాటరీలో ఆ ఐ7 నయం.

ఎలా సరిచూసుకోవాలంటే: మీరు కొనాలనుకున్నదీ, ఆగి కొనాలనుకుంటున్నదీ, రెండు పూర్తి పేర్లూ తీసుకుని ప్రాసెసర్ వేగం కొలిచే సినీబెంచ్ గానీ గీక్‌బెంచ్ గానీ ఒకే పరీక్షలో స్కోర్లు పక్కపక్కన రాయండి. ఒకే పరీక్ష, ఒకే వెర్షన్ అయి ఉండాలి. కంపెనీ వాళ్లు వేసిన బొమ్మల్లోని శాతాలు తీసుకోవద్దు, అక్కడ దేనితో పోల్చారో చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఒక్కోసారి నాలుగేళ్ల కిందటి దానితో పోలుస్తారు. నా లెక్కలో తేడా 20 శాతం లోపు ఉంటే రోజువారీ పనిలో మీకు తెలియను కూడా తెలియదు, దాని కోసం ఆగొద్దు.

6. ఆగడానికయ్యే ఖర్చు రాయండి

ఆగితే ధర తగ్గుతుందనే నమ్మకం మనందరిలో ఉంది. కొన్నిసార్లు తగ్గుతుంది. కొన్నిసార్లు పాత మోడల్ తగ్గకుండానే స్టాకు అయిపోతుంది, మిగిలినవి ఎవరికీ అక్కర్లేని 8 జీబీ మోడళ్లే. ఇంకొన్నిసార్లు పెరుగుతుంది కూడా. 2025 చివర్లో మెమరీ చిప్‌ల ధరలు బాగా ఎగబాకాయి, ఏఐ డేటా సెంటర్లు ఆ చిప్‌లని పెద్ద ఎత్తున లాగేసుకోవడం వల్ల. మైక్రాన్ కంపెనీ అయితే మనలాంటివాళ్లు కొనే క్రూషియల్ బ్రాండు ర్యామ్, ఎస్ఎస్‌డీల వ్యాపారమే వదిలేస్తున్నట్టు ఆ డిసెంబరులో ప్రకటించింది. ప్రాసెసర్ కోసం ఆగినవాళ్లు ర్యామ్ ధర పెరిగి నష్టపోవడమంటే ఇదే. "ఇప్పుడు 8 జీబీది తీసుకుందాం, తర్వాత ఇంకో 8 వేయిద్దాం" అనే పాత సలహాని కూడా ఇప్పుడు ధరలు చూసుకునే పాటించండి.

కాగితం మీద ఒక పక్క ఆగితే మిగిలే డబ్బు, ఒక పక్క ఆగితే పోయేది రాయండి. నెట్ సెంటర్ ఖర్చు, అద్దె ల్యాప్‌టాప్ ఖర్చు, వదులుకునే పని, అన్నీ. డబ్బు రూపంలో రాయలేనివీ రాయండి. మా మేనకోడలు రాత్రి పదకొండుకి మొదలుపెట్టిన ఆ ల్యాబ్ రికార్డులు నేను ఏ లెక్కలోనూ వేసుకోలేదు.

7. ఇప్పుడు తేల్చండి

కాగితం మీద ఉన్నవి చూస్తే చాలావరకు అదే చెప్పేస్తుంది. తారీకు రెండు నెలల్లోపు ఉంటే కొనేయండి. పాతది రిపేరుతో నడుస్తుందంటే ఎస్ఎస్‌డీ వేయించి ఏడాది లాగండి, ఇది ఆగడం కంటే, కొనడం కంటే కూడా చవక. తారీకు దూరంగా ఉంది, బడ్జెట్ పెద్దది, వచ్చేది అధికారికంగా ప్రకటించేశారు, పని బరువైనది లేదా బ్యాటరీ కావాలి, ఇవన్నీ కలిస్తే ఆగండి, కానీ ఆఖరి తారీకు ఒకటి వేసుకుని దాన్ని ఇంట్లో వాళ్లకి చెప్పండి. ఆ రోజుకి దొరక్కపోతే అప్పుడు మార్కెట్లో ఉన్నదాంట్లో మంచిది కొనేయాలి, మళ్లీ వాయిదా వేయకూడదు.

అటూ ఇటూ కానివాళ్లకి మధ్య దారి ఒకటుంది. కొత్త తరం ల్యాప్‌టాప్‌లు షాపుల్లోకి వచ్చిన నెలా రెండు నెలల్లో, దానికి ముందు తరంలోని పైస్థాయి మోడల్ కోసం చూడండి. నాకు తెలిసి డబ్బుకి తగ్గ వస్తువు ఎక్కువగా దొరికేది అప్పుడే. స్టాకు ఉండేది కొద్ది రోజులే, కాబట్టి మోడల్ నంబరు ముందే రాసి పెట్టుకోండి.

సంక్రాంతికి వచ్చే అన్నయ్య చేత అమెరికా నుంచి తెప్పించుకుందామని మన వైపు ప్రతి ఇంట్లో అనుకుంటారు. 18 ఏళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. కొత్త తరం అక్కడ ముందు దొరుకుతుంది, అదీ నిజమే. కానీ ఆ మోడల్‌కి ఇక్కడ వారంటీ వర్తిస్తుందో లేదో బ్రాండ్ వాళ్లని మోడల్ నంబరు చెప్పి అడగండి, అక్కడి సేల్స్ ట్యాక్స్ కలిపి లెక్క వేయండి. అతను సొంత ల్యాప్‌టాప్ కూడా తెచ్చుకుంటే కస్టమ్స్ వాళ్ల నిబంధన ఏమిటో ముందే కనుక్కోండి.

ఇంకో హెచ్చరిక, ఆఫీసు పని చేసేవాళ్లకి. స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ప్రాసెసర్‌తో వచ్చే విండోస్ ల్యాప్‌టాప్‌లు 2024 జూన్ నుంచి ఉన్నాయి, బ్యాటరీ బాగా వస్తుంది. అవి ఆర్మ్ రకం, అంటే ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల కంటే లోపలి పద్ధతే వేరు. మామూలు ప్రోగ్రాములు చాలావరకు నడుస్తాయి గానీ, డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో కలిపే చిన్న సాఫ్ట్‌వేర్) అవసరమైన వాటికి ఆర్మ్ కోసం విడిగా చేసిన డ్రైవర్ ఉండాలి. మీ పాత ప్రింటరు, డిజిటల్ సంతకం డాంగిల్, వేలిముద్ర మిషను, ఇవి పనిచేస్తాయో లేదో తయారీదారు వెబ్‌సైట్లో చూసుకోకుండా కొనొద్దు.

8. కొన్నాక సరిచూసుకోవడం

వాపసు, మార్పిడి ఎన్ని రోజుల్లోపు అన్నది కొనకముందే చదవండి. ఆన్‌లైన్లో తెప్పిస్తే పెట్టె విప్పేటప్పుడు సీలు కనిపించేలా వీడియో తీయండి. షాపులో కొంటే బిల్లు వేయించకముందే ఆన్ చేయించండి, మొహమాటపడొద్దు.

టాస్క్ మేనేజర్‌లో సీపీయూ మీద నొక్కితే కుడివైపు పైన ప్రాసెసర్ పూర్తి పేరు ఉంటుంది. మీ కాగితం మీద ఉన్న పేరుతో ఒక్కో అక్షరం సరిపోల్చండి. మెమరీ మీద నొక్కితే ఎంత ర్యామ్ ఉందో, ఎన్ని స్లాట్లు వాడారో చూపిస్తుంది. ర్యామ్‌ని విప్పడానికి వీల్లేకుండా బోర్డుకే సోల్డరింగ్ చేసి అతికించినవాటిలో ఆ స్లాట్ల లెక్క తికమకగా ఉంటుంది, అక్కడ బ్రాండ్ వెబ్‌సైట్‌లో ఉన్నదే నమ్మండి.

బ్యాటరీకి: స్టార్ట్ మెనూలో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి powercfg /batteryreport అని టైపు చేసి ఎంటర్ కొట్టండి. ఒక ఫైలు తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ దాదాపు సమానంగా ఉండాలి, సైకిల్ కౌంట్ (బ్యాటరీ ఎన్ని విడతలు పూర్తిగా వాడారో చెప్పే లెక్క) కనిపిస్తే అది చిన్న అంకె అయి ఉండాలి. కొత్తదని అమ్మినదాంట్లో 40, 50 సైకిళ్లు కనిపిస్తే అది డిస్‌ప్లేలో పెట్టి నడిపించిందో, ఎవరో తిరిగిచ్చిందో అయి ఉంటుంది, అప్పుడే అడగండి.

మొదటి మూడు రోజుల్లో మీ అసలు పని, అందులో అన్నిటికంటే బరువైనది, ఒకసారి మొదలు నుంచి చివరిదాకా చేసి చూడండి. చార్జర్ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి. చార్జర్ తీయగానే మరీ నెమ్మదిస్తే పవర్ సెట్టింగులు చూడండి. కొత్తగా విడుదలైన ప్రాసెసర్ అయితే బయాస్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే లోపలి సాఫ్ట్‌వేర్), గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్‌లు వేశాకే తీర్పు చెప్పండి, మొదటి నెలల్లో వాటితో చాలా తేడా వస్తుంది.

చివరిగా సీరియల్ నంబరు బ్రాండ్ వెబ్‌సైట్‌లో కొట్టి వారంటీ ఏ రోజు నుంచి మొదలైనట్టు చూపిస్తుందో చూడండి. చాలాసార్లు అది ఫ్యాక్టరీ నుంచి బయల్దేరిన రోజు నుంచో, షాపుకి చేరిన రోజు నుంచో లెక్కవుతూ ఉంటుంది, మీకు రెండు మూడు నెలలు నష్టం. బిల్లు ఫోటో పంపిస్తే కొన్న తారీకుకి మారుస్తారు. మీ పిన్‌కోడ్‌కి ఇంటికొచ్చి రిపేరు చేసే సర్వీసు ఉందో లేదో కూడా అదే పేజీలో కనిపిస్తుంది. లేకపోతే దగ్గర్లోని సర్వీస్ సెంటర్ రాజమండ్రిలో ఉందో, కాకినాడలో ఉందో, విజయవాడ దాకా వెళ్లాలో బిల్లు వెనకే రాసి పెట్టుకోండి.